తప్పిన దెబ్బ విలువ మూడు



ముందు ఒక ధరల పట్టిక వినండి. బాకు 3 బంగారు నాణేలు. కత్తి 10. రెండు చేతులతో పట్టాల్సిన పెద్ద ఖడ్గం 15. ఇవి ఏ రాజుల కాలం నాటి అంగడి ధరలో కావు. 1974లో అమెరికాలో, విస్కాన్సిన్ రాష్ట్రంలోని లేక్ జెనీవా అనే చిన్న ఊరి నుంచి వెలువడిన ఒక ఆట పుస్తకంలో అచ్చయినవి. ఆట పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. రాసినవాళ్లు గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్. ఒక పెట్టెలో మూడు చిన్న పుస్తకాలు, వెల 10 డాలర్లు.

తమాషా ఏమిటంటే, ఆ మూడు ఆయుధాల్లో దేంతో కొట్టినా తగిలే దెబ్బ ఒక్కటే. ఆరు ముఖాల పాచిక ఒకటి వేసి, ఎంత పడితే అంత. 3 నాణేల బాకూ అంతే, 15 నాణేల ఖడ్గమూ అంతే. మరి తెలిసి తెలిసి 15 పెట్టి ఎవరు కొంటారు? యాభై ఏళ్లు దాటినా ఆ ఆట రాసేవాళ్లను ఈ ప్రశ్న వదల్లేదు. దానికి వాళ్లు చెప్పిన జవాబులే ఇవాళ్టి మన విషయం.

ఆట తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. ఒక బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటారు. ఒకరు డంజన్ మాస్టర్. కథ చెప్పేదీ, రాక్షసులను నడిపేదీ, తగవు వస్తే తీర్చేదీ ఆ మనిషే. మిగతావాళ్లు తలా ఒక పాత్ర: యోధుడు, మాంత్రికురాలు, దొంగ, అలాగ. ఏం చేస్తామో నోటితో చెప్పాలి, కాగితం మీద లెక్క రాసుకోవాలి, అనుమానం వచ్చిన చోట పాచిక వేయాలి. స్ట్రేంజర్ థింగ్స్ సీరియల్ చూసినవాళ్లకు తెలుసు, అందులో పిల్లలు మొదటి భాగంలోనే ఆడుతూ కనిపించేది ఇదే. హైదరాబాదులో కాఫీ తాగుతూ బోర్డ్ గేములు ఆడుకునే చోట్ల కూడా అప్పుడప్పుడు ఈ పాచికల చప్పుడు వినిపిస్తుంది.

ఈ ఆటకు ముందు చైన్‌మెయిల్ అని ఇంకొకటి ఉంది. 1971లో గైగాక్స్, జెఫ్ పెరెన్ కలిసి రాశారు. బల్ల మీద బొమ్మ సైనికులను బారులు తీర్చి, మధ్యయుగాల యూరప్ యుద్ధాలు ఆడుకోవడానికి. సైన్యాల ఆట కాబట్టి, మామూలు సైనికుడికి దెబ్బ తగిలిందంటే బొమ్మ తీసి పక్కన పెట్టడమే. ఆర్నెసన్ మినియాపొలిస్, సెయింట్ పాల్ జంట నగరాల్లో తన మిత్రులకు బ్లాక్‌మూర్ అనే కల్పిత సీమను సృష్టించి ఆడించేవాడు. అక్కడ ఒక్కొక్కరికి ఒక్క పాత్రే. నెలల తరబడి ఆడిన పాత్ర ఒక్క వేటుకు పోతే ఎవరు ఊరుకుంటారు? అందుకని, ఆర్నెసన్ తర్వాతి రోజుల్లో చెప్పినదాన్ని బట్టి, అమెరికా అంతర్యుద్ధం నాటి ఇనుప ఓడల పోరాటానికి తాను రాసుకున్న నియమాల్లోంచి ఒక ఉపాయం తెచ్చాడు. ఓడ ఒక్క గుండుకు మునగదు కదా, ఇన్ని తగిలితే మునుగుతుందని లెక్క ఉంటుంది. ఆ లెక్కను మనిషికి పెట్టాడు. హిట్ పాయింట్లు అలా పుట్టాయి. కవచం ఎంత గట్టిదో చెప్పే ఆర్మర్ క్లాస్ కూడా ఆ రేవు నుంచి వచ్చిందే.

దాని ఫలితం ఇప్పటికీ అనుభవిస్తున్నాం. ఈ ఆటలో వీరుడికి 40 పాయింట్లుండి 39 పోయినా చెయ్యి వణకదు, కాలు ఈడ్వడు. చివరి పాయింటు మిగిలున్నంతసేపూ మొదటి నిమిషంలో ఎంత బలంగా కొట్టాడో అంత బలంగానే కొడతాడు. మన సినిమా హీరోలకు ఈ నియమం ఎవరూ చెప్పనక్కర్లేకుండానే తెలుసు.

ఇక ఆ ధరల సంగతి. మరుసటి ఏడే, 1975లో, గ్రేహాక్ అనే అనుబంధం వచ్చింది. అందులో ఆయుధానికో పాచిక ఇచ్చారు. బాకుకు నాలుగు ముఖాలది, కత్తికి ఎనిమిది ముఖాలది, రెండు చేతుల ఖడ్గానికి పది ముఖాలది. అప్పటికి ఆ చిత్రమైన పాచికలు దొరకడమే గగనం. 20 ముఖాల పాచిక మీద కూడా 1 నుంచి 20 దాకా అంకెలుండేవి కావు, 0 నుంచి 9 దాకా రెండుసార్లు ఉండేవి. సగం ముఖాలకు వేరే రంగు పూసుకుని, ఆ రంగు పడితే 10 కలుపుకునేవాళ్లు.

తర్వాత గైగాక్స్‌కు పూనకం వచ్చింది. అలా అంటే ఆయన అభిమానులు నొచ్చుకోవచ్చు గానీ, 1978లో వచ్చిన అడ్వాన్స్‌డ్ డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటగాళ్ల పుస్తకంలోని ఆయుధాల పట్టికలు తెరిచి చూస్తే ఇంకో మాట తోచదు. చేత్తో కొట్టే ప్రతి ఆయుధానికీ వేగం అంకె: బాకుకు 2, పొడవు కత్తికి 5, పెద్ద ఖడ్గానికి 10. ప్రతి ఆయుధానికీ, ప్రతి రకం కవచానికీ విడివిడిగా కూడికలు, తీసివేతలు. చిన్న శత్రువుకు ఒక దెబ్బ, పెద్ద జంతువుకు ఇంకో దెబ్బ. తిప్పడానికి ఎంత చోటు కావాలో అదీ ఉంది. పొడవాటి కర్రకు రకరకాల ఇనుప ముక్కులు తొడిగిన యూరప్ ఆయుధాలంటే ఆయనకు ప్రాణం. గ్లేవ్, గీజార్మ్, వూల్జ్, ఫోషార్డ్, రాన్సర్, పార్టిజన్... ఒకదానికీ ఇంకొకదానికీ తేడా ఏమిటో చరిత్రకారులే కళ్లద్దాలు సవరించుకుని చూడాలి. మోతను నాణేల బరువులో లెక్కపెట్టేవాళ్లు, 10 నాణేలకు ఒక పౌను. పెద్ద ఖడ్గం మోత 250 నాణేలు. అంటే 25 పౌన్లు, 11 కిలోల పైమాట. మ్యూజియాల్లో ఉన్న అసలు ఖడ్గాలు చాలామటుకు రెండు నుంచి మూడున్నర కిలోలు తూగుతాయి. పట్టికలో ఎన్ని గళ్లున్నా గళ్లలోని అంకె సరిగ్గా ఉండాలని రూలేం లేదు.

ఈ పట్టికలన్నీ చదవడానికి బావుంటాయి. ఆడేటప్పుడు మాత్రం చాలా బల్లల దగ్గర ఎవరూ వాటి జోలికి పోలేదు. కారణం బద్ధకం కాదు. ప్రతి వేటుకూ ఎదుటివాడి కవచం ఏ రకమో వెతికి, అడ్డంగా ఒక వేలు, నిలువుగా ఒక వేలు పెట్టి, 2 తీసేయాలా 1 కలపాలా అని చూసేలోగా కథలో ఉన్న బిగువంతా జారిపోతుంది. ఇంత కష్టపడితే చివరికి మారేది ఒక అంకె. ఆడేవాడు చేసే పని మారదు. నా వంతు వచ్చింది, కొడతాను, పాచిక వేస్తాను, అంతే. వేగం అంకెలూ కవచాల పట్టికా 2000లో వచ్చిన మూడో ముద్రణ నాటికి నిశ్శబ్దంగా వెళ్లిపోయాయి. తీసేశారని బాధపడినవాళ్లు తక్కువే.

నిజమైన కత్తిసాము తెలిసినవాళ్లు రాస్తే ఎలా ఉంటుందంటారా? అదీ జరిగింది. 1978లోనే కేయాసియం సంస్థ రూన్‌క్వెస్ట్ అనే ఆట తెచ్చింది. రాసినవాళ్లలో ముఖ్యుడు స్టీవ్ పెరిన్. మధ్యయుగపు వేషాలు కట్టి, కవచాలు తొడిగి, కర్ర కత్తులతో పోరాడే ఒక సంఘంలో సభ్యుడు. డాలు మీద దెబ్బ కాచుకోవడం అంటే ఏమిటో ఆయన చేతికి తెలుసు. అందుకే ఆ ఆటలో కొట్టేవాడు పాచిక వేశాక కాచుకునేవాడూ వేస్తాడు. దెబ్బ ఒంట్లో ఎక్కడ తగిలిందో ఇంకో పాచిక చెబుతుంది. కాలికి వేరే పాయింట్లు, చేతికి వేరే, తలకు వేరే.

ఇక్కడ భారతంలోని గదాయుద్ధం గుర్తు రాకమానదు. నాభి కింద కొట్టకూడదన్నది నియమం. భీముడు డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడుతూ దుర్యోధనుడి తొడ మీద కొడతానంటే, డంజన్ మాస్టర్ చేతులెత్తేస్తాడు, ఎందుకంటే తొడకు వేరే లెక్కే లేదు. రూన్‌క్వెస్ట్‌లో అయితే 20 ముఖాల పాచిక మీద 1 నుంచి 8 దాకా కాళ్లే. నూటికి 40 దెబ్బలు వాటంతటవే అక్కడ పడతాయి. బలరాముడు కోప్పడాల్సి వస్తే పాచిక మీద కోప్పడాలి.

ఇక, దెబ్బ తగిలిందా లేదా తేల్చే 20 ముఖాల పాచిక మీద 20 పడితే కేక వేసే అలవాటు సంగతి. పాచిక మీద 20 పడితే రెట్టింపు దెబ్బ అనే నియమం 1975లో వచ్చిన ఎంపైర్ ఆఫ్ ది పెటల్ థ్రోన్ ఆటలో కనిపిస్తుంది. దాన్ని రాసిన ఎం.ఎ.ఆర్. బార్కర్ మినెసోటా విశ్వవిద్యాలయంలో ఉర్దూ, దక్షిణాసియా విషయాలు చెప్పిన ఆచార్యుడు. గైగాక్స్‌కు ఆ నియమం ససేమిరా ఇష్టం లేదు. 1979లో రాస్తూ వద్దనే వాదించాడు. ఆయన వాదనలో పస ఉంది. రాక్షసుడు వచ్చేది ఒక్క పోరాటానికి, పోయేది అందులోనే. వీరుడు వందల పోరాటాలు చేయాలి. రెట్టింపు దెబ్బ ఇద్దరికీ పెడితే, ఎక్కువసార్లు గురయ్యేది వీరుడే. లెక్క ఆయనదే ఒప్పు, మనసు మాత్రం బార్కర్ వైపు పోయింది. 20 పడితే బల్ల చుట్టూ పుట్టే ఆ కేకను ఏ లెక్కా ఆపలేకపోయింది. 2000 నాటికి అదే అసలు నియమమైంది. పైగా ఆయుధాల మధ్య తేడా చూపించడానికి దాన్నే వాడుకున్నారు. వంపు కత్తికి 18 పడినా చాలు, రెట్టింపు. యుద్ధ గొడ్డలికి 20 పడాల్సిందే, కానీ మూడింతలు.

2014లో అయిదో ముద్రణ వచ్చేసరికి అంతా పలచబరిచారు. తేలికది, బరువైనది, దూరం అందేది, విసరదగినది, చురుకుదనంతో వాడదగినది అంటూ కొన్ని గుణాలు మాత్రం మిగిల్చారు. ఆడటం సుఖమైంది. కానీ పాత జబ్బు ఇంకో రూపంలో తిరగబెట్టింది. ఆ పుస్తకంలో బల్లెం 1 బంగారు నాణెం, బరువు 3 పౌన్లు. త్రిశూలం 5 నాణేలు, బరువు 4 పౌన్లు. ఒంటి చేత్తో పట్టినా, రెండు చేతులతో పట్టినా రెండింటికీ ఒకే పాచిక. విసిరితే వెళ్లే దూరం ఒకటే. పైగా బల్లెం దాదాపు ఎవరైనా పట్టుకోవచ్చు, త్రిశూలానికి యుద్ధ శిక్షణ ఉండాలి. అయిదింతలు పెట్టి, ఎక్కువ బరువు మోసి, శిక్షణ పొంది, చివరికి బల్లెం పోటే పొడవాలన్నమాట. శివభక్తులెవరైనా ఆ పట్టిక చూసి ఉంటే ఏమనేవారో.

2014 నియమాల్లో ఒక దెబ్బను దగ్గర నుంచి చూద్దాం. మీరు యోధురాలు, ఇంకా మొదటి మెట్టులో ఉన్నారు. మీ బలం 16, దాని వల్ల పాచికకు 3 కలుస్తుంది. ఆయుధ శిక్షణకు 2 కలుస్తుంది. మొత్తం 5. చేతిలో పెద్ద ఖడ్గం. ఎదురుగా గోబ్లిన్ అనే చిన్న రాక్షసజీవి, దాని ఆర్మర్ క్లాస్ 15. 5 కలిపి దాన్ని అందుకోవాలంటే 20 ముఖాల పాచిక మీద 10 గానీ అంతకు మించి గానీ పడాలి. నూటికి 55 సార్లు పడుతుంది. తగిలితే ఆరు ముఖాల పాచికలు రెండు వేసి, వాటికి 3 కలుపుతారు, సగటున 10 పాయింట్ల దెబ్బ. మరి మిగతా 45 సార్లు? ఏమీ లేదు. తప్పింది, తర్వాతి వాళ్ల వంతు.

ఆ ఏమీ లేకపోవడం ఎంతసేపో చూడండి. కథలో ఒక రౌండు 6 సెకన్లు. బల్ల దగ్గర ఆడేవాళ్లందరూ, రాక్షసులందరూ వంతులు ముగించుకుని మళ్లీ మీ దాకా రావడానికి పది పదిహేను నిమిషాలు పట్టినా ఆశ్చర్యం లేదు. ఇంటి నుంచి ఇంత దూరం వచ్చి, కాలు మీద కాలు వేసుకుని కూర్చుని, పావుగంటకోసారి తప్పింది అనిపించుకోవడం. ఆయుధ నియమాల చరిత్ర మొత్తంలో అసలు లోటు ఇదేనని నా అభిప్రాయం. గ్లేవ్‌కూ గీజార్మ్‌కూ తేడా చూపలేకపోవడం పెద్ద లోటేమీ కాదు.

2024లో ఆటగాళ్ల పుస్తకాన్ని తిరగరాసినప్పుడు ఈ లోటు మీద చెయ్యి పెట్టారు. వెపన్ మాస్టరీ అని, ఆయుధానికో విద్య. మొత్తం ఎనిమిది. యోధుడికి మొదట్లోనే మూడు ఆయుధాల విద్య తెలిసి ఉంటుంది, దొంగలాంటి వాళ్లకు రెండు. అన్నీ ఏకరువు పెట్టను. గద తగిలితే ఎదుటివాడి తర్వాతి దెబ్బ గురి చెడుతుంది. పొడవు విల్లు బాణం తగిలితే నడక 10 అడుగులు తగ్గుతుంది. యుద్ధ సుత్తితో కొడితే 10 అడుగులు వెనక్కి నెట్టేయవచ్చు, కొండ అంచున పోరాటమైతే దాని విలువ వేరే చెప్పక్కర్లేదు. త్రిశూలానికి కూడా న్యాయం జరిగింది. పాచిక పెద్దదైంది, మనిషిని పడగొట్టే విద్య వచ్చింది.

పెద్ద ఖడ్గానికి వచ్చిన విద్య పేరు గ్రేజ్. దెబ్బ తప్పినా, మీ బలం వల్ల కలిసే ఆ 3 పాయింట్లూ ఎదుటివాడికి తగులుతాయి. ఎంత చిన్న అంకె! దాని మీద జరిగినంత రచ్చ మాత్రం ఏ మంత్రం మీదా జరగలేదేమో. తప్పిన దెబ్బకు నష్టం అనే ఆలోచన 2008 నాటి నాలుగో ముద్రణలోనే ఉంది. అప్పుడూ తిట్టారు. అయిదో ముద్రణ తయారవుతున్నప్పుడు మళ్లీ పెట్టబోతే మళ్లీ తిట్టారు. తప్పింది అంటే తప్పిందే కదా, తగలని కత్తికి రక్తం ఎలా వస్తుంది అని. ఇంకో గట్టి అభ్యంతరం కూడా ఉంది. గోబ్లిన్‌కు 3 పాయింట్లే మిగిలాయనుకోండి. మీరు కళ్లు మూసుకుని కొట్టినా అది చస్తుంది. పాచిక వేయడం దండగ.

రెండో అభ్యంతరానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు, ఆ గోబ్లిన్‌ది దురదృష్టమే. మొదటిదానికి ఉంది. ఆర్మర్ క్లాస్‌లో తప్పించుకోవడం, కాచుకోవడం, కవచం ఆపడం అన్నీ కలగలిసి ఉన్నాయి. ఉక్కు కవచం తొడిగినవాడికి 18. అందులో అతని చురుకుదనం పాత్ర సున్నా. పాచిక చాలలేదంటే కత్తి గాలిలో తిరిగిందని కాదు, చాలాసార్లు ఇనుము మీద పడి చీల్చలేకపోయిందని. రెండున్నర కిలోల పైచిలుకు ఉక్కు శిరస్త్రాణం మీద పడితే చీలకపోవచ్చు, లోపల తల మాత్రం గంట కొట్టినట్టు మోగదా? ఆ మోతకు 3 పాయింట్లు ఎక్కువేం కాదు.

గ్రేజ్ ఒక్కరి ఊరట. పడగొట్టే విద్య, టాపుల్, బల్ల మొత్తాన్నీ కదిలిస్తుంది. మీ చేతిలో పెద్ద సమ్మెట ఉంది, ఎదురుగా ఓగర్ అనే మొరటు రాక్షసుడు. సమ్మెట తగిలింది. వాడు నిలదొక్కుకోవడానికి పాచిక వేయాలి, 13 దాటకపోయినా కనీసం అందుకోవాలి. వాడిది గట్టి ఒళ్లు కాబట్టి 3 కలుస్తుంది. అయినా నూటికి 45 సార్లు పడిపోతాడు. పడ్డవాడి పక్కనే నిలబడి కొట్టేవాళ్లకు అడ్వాంటేజ్, అంటే పాచిక రెండుసార్లు వేసి ఎక్కువది తీసుకోవచ్చు. మీ తర్వాత వంతు దొంగదైతే పండగే, ఆ సందు దొరికితే ఆమె బాకు పోటుకు అదనపు పాచికలు వస్తాయి. కానీ విలుకాడికి దూరం నుంచి పడుకున్నవాడు కనబడటం కష్టం, అతనికి రెండింటిలో తక్కువది తీసుకునే శిక్ష. అప్పుడు వినాలి బల్ల దగ్గర గోల.

"ఒరేయ్, నా వంతు అయ్యేదాకా వాణ్ణి పడగొట్టకురా బాబూ, బాణం రెడీగా పెట్టుకున్నా!"

"నువ్వు బాణం వేసి ఏం పొడిచావులే, పక్కకు తప్పుకో. అక్కా, నీ బాకు తీయ్."

మధ్యలో ఓగర్ వంతు వస్తే లేచి నిలబడతాడు. సగం నడక ఖర్చవుతుంది, అంతే. అంతా వృథా. కాబట్టి ఎవరి వంతు ఎవరి తర్వాతో ముందే చూసుకుని కొట్టాలి. 1978 పట్టికలు వేలు పెట్టి వెతికించినా తేలేకపోయిన ఉత్కంఠ ఇది. అప్పుడు ఆయుధం అంకెను మార్చింది, ఇప్పుడు పక్కవాడి వంతును మారుస్తోంది.

అలాగని ఈ నియమాలకు హారతి పట్టలేను. పడగొట్టే విద్యలో తగిలిన ప్రతిసారీ ఎదుటివాడు పాచిక వేయాలి. యోధుడు అయిదో మెట్టుకు వచ్చాక వంతుకు రెండు దెబ్బలు, అంటే రెండు అదనపు పాచికలు. డంజన్ మాస్టర్ కుర్చీలో కూర్చున్నవాళ్లకు ఇది విసుగు. ఇంకొకటి, దెబ్బ దెబ్బకూ ఒక ఆయుధం తీయడమో దాచడమో చేయవచ్చని నియమం సడలించారు. దాంతో కొందరు తెలివైనవాళ్లు 6 సెకన్లలో సమ్మెటతో పడగొట్టి, దాన్ని దోపుకుని, ఖడ్గం దూసి నరుకుతున్నారు. నియమం ప్రకారం తప్పు లేదు. చూస్తుంటే మాత్రం వీధిలో గారడీవాడు గుర్తొస్తాడు. నేను ఆడించే చోట వంతుకు ఒక్కసారి మాత్రమే ఆయుధం మార్చనిస్తాను. అలా ఆటకు ముందే చెప్పేస్తే ఎవరూ అలగరు.

కొత్తగా మొదలుపెట్టాలనుకునేవాళ్లకు రెండు మాటలు చెప్పి ముగిస్తాను. పుస్తకాలు కొననక్కర్లేదు. మూల నియమాలను 2023లో క్రియేటివ్ కామన్స్ కింద ఉచితంగా వదిలారు, ఈ ఆయుధ విద్యలున్న కొత్త రూపాన్ని 2025లో వదిలారు. పాచికల సెట్టు ఒకటి చాలు, బల్ల మీద అందరూ పంచుకోవచ్చు. యోధుడి పాత్ర తీసుకుంటే పెద్ద ఖడ్గంతో మొదలుపెట్టండి. తప్పినా 3 ఉంటాయి, మొదటి రోజు చేతులు ఊపుకుంటూ పోనక్కర్లేదు. రెండోదిగా సమ్మెట, మూడోదిగా పొడవు విల్లు. మీ జట్టులో ఇంకెవరైనా విలుకాళ్లుంటే, సమ్మెట ఎప్పుడు ఎత్తాలో వాళ్లను అడిగి ఎత్తండి.